ఎర్ర గుడ్డు పందెం

నిన్న జుట్టుకని ఉల్లిపొట్టు మరిగిస్తుంటే, ఆ వాసనకు దుబాయ్ కరామాలో మా ఎదురింటి ఆర్మేనియా అవ్వ గుర్తొచ్చింది. 2005లో, నాకు ఆరేళ్లప్పుడు, వాళ్ల ఈస్టరు పండక్కి నన్ను పిలిచింది.

"వాళ్లింట్లో ఏదీ పగలగొట్టబాకమ్మా" అని అమ్మ మరీమరీ చెప్పి పంపింది.

అవ్వ ఉల్లిపొట్టుతో ఎర్రగా ఉడికించిన గుడ్డొకటి నా చేతికిచ్చి, దానితో తన గుడ్డును కొట్టమని సైగ చేసింది. భయపడుతూనే కొట్టాను. ఆమె గుడ్డు చిట్లింది. నాకు ఏడుపొచ్చేసింది.

"రో మత్ బేటీ! తుమ్ జీత్ గయా!" అని వచ్చీరాని హిందీలో, ఏడవొద్దు, నువ్వే గెలిచావంటూ అవ్వ చప్పట్లు కొట్టింది.

పగలని గుడ్డుదే గెలుపని తెలిశాక గుండె కుదుటపడింది. చిట్లిన గుడ్డును ఇద్దరం ఉప్పు అద్దుకుని తిన్నాం.

ఆమె తన గుడ్డును, తేలిగ్గా చిట్లేలా, కావాలనే అడ్డంగా పట్టుకుందని మాత్రం, నా కూతురికి ఆ ఆట నేర్పేదాకా నాకు తట్టలేదు.