కిటికీ చెక్కలో కన్నం

కలకత్తా ఏక్‌బాల్‌పూర్‌లో మా తెలుగు క్రైస్తవుల గుడికి ఆనుకుని ఒక గది ఉంది. దానికి ఒకటే కిటికీ. ఆ కిటికీ చెక్క తలుపులో ఒకచోట కణుపు ఊడిపోయి చొక్కా బొత్తామంత కన్నం పడింది. ఎప్పుడు పడిందో ఎవరికీ తెలియదు. శనివారం మధ్యాహ్నాలు ఆ గదిలోనే సంఘం పిల్లల్ని కూర్చోబెట్టి వెలుగు గురించి పాఠాలు చెబుతుంటాను.

నేను బడికి వెళ్లినదాన్ని కాదు. చిన్నప్పుడు జబ్బు చేసి కుడికాలు సన్నబడిపోయింది. రేవులో క్రేన్ నడిపే మా నాన్న డ్యూటీ దిగి వచ్చి, స్నానం చేసి, ప్రార్థన అయ్యాక నా మంచం పక్కన కూర్చుని పాఠం చెప్పేవారు. సెలవు రోజైతే ఎండ వచ్చే చోట పళ్లెంలో నీళ్లు పోసి, తన గడ్డం గీసుకునే అద్దాన్ని అందులో ఏటవాలుగా నిలబెట్టేవారు. గోడ మీద ఇంద్రధనుస్సు పడేది.

“ఇదెవలెట్టారు నాన్నా?” అని అడిగేదాన్ని.

“రంగులెట్టింది దేవుడు. పళ్లెమెట్టింది నాను,” అనేవారు.

అలా చదువుకున్న నాకు, జీవితంలో కాలుపెట్టిన మొదటి తరగతి గది ఇదే. అదీ టీచరుగా! ప్రతి శనివారం తాళం తీస్తూ ఒక స్తోత్రం చెప్పుకునే లోపలికి వెళ్తాను.

పిల్లలు పదకొండుమంది. ఇంట్లో మాట్లాడేది తెలుగు, వీధిలో బెంగాలీ, బళ్లో ఇంగ్లీషు. నా దగ్గరికి వచ్చేసరికి మూడూ కలిపి మాట్లాడతారు. వెలుగు తిన్నగా పోతుందని చూపించడానికి పాత పెళ్లికార్డులకు కన్నాలు పొడిచి వరసగా నిలబెట్టాం. మూడు కన్నాలూ ఒక వరసలో ఉంటేనే అవతలి టార్చి కనబడుతుంది. మధ్య కార్డును వేలితో కాస్త జరిపితే చీకటే. ఆ వెలుగు దారి కళ్లకు కనబడాలంటే పొగ కావాలి. ఒకడు అగరుబత్తి తెస్తానన్నాడు. మా గుళ్లో అగరుబత్తి వెలిగిస్తే పాఠం కంటే ముందు నేనే బయటికి పోతాను. కాబట్టి సుద్దముక్కల డస్టరు దులిపాం. వెలుగు కర్రలా కనబడింది. పిల్లలు పిండిబొమ్మల్లా తయారయ్యారు.

డిసెంబరులో ఒక శనివారం, టార్చి బాగా కనబడాలని కిటికీ మూయించాను. ఎప్పుడూ నా వెనకే నిలబడి ప్రశ్నలడిగే తొమ్మిదేళ్ల పిల్ల ఒక్కసారిగా కేక పెట్టింది.

“ఆంటీ! గోడ మీద టాక్సీ! ఉల్టా ఎల్తోంది!”

చూద్దును కదా, మూడు గంటల ఎండలో మెరుస్తున్న ఎదుటి వీధంతా కన్నంలోంచి వచ్చి మా గోడ మీద తలకిందులుగా వాలింది. మిఠాయి కొట్టు, పిల్లలు దాదా అని పిలిచే టీ కొట్టు అన్న, పసుపుపచ్చ టాక్సీ అన్నీ రంగులతో సహా కదులుతున్నాయి. ఇన్నేళ్లుగా ఆ కన్నం ఈ బొమ్మ వేస్తూనే ఉందేమో, కిటికీ మూసి చూసినవాళ్లే లేకపోయారు. నేను గోడ దగ్గరికి వెళ్లి ఆ టాక్సీ మీద అరచెయ్యి పెట్టాను. ఒక పిల్లవాడు మాత్రం తెలివిగా గోడకు కాళ్లు తన్నిపెట్టి తలకిందులుగా నిలబడి, “ఇప్పుడు సీదాగా ఉంది!” అని ప్రకటించాడు.

ఎందుకు తిరగబడిందో వాళ్ల చేతుల్తోనే తేల్చుకోమన్నాను. ఒకణ్ని బయట నిలబెట్టి, తల దగ్గర ఎర్రదారం, కాళ్ల దగ్గర నీలిదారం పట్టించాం. రెండు దారాలనూ కన్నంలోంచి లోపలికి తీసి బిగువుగా లాగితే, తల దారం గోడ కిందికీ కాళ్ల దారం గోడ పైకీ పోయాయి. “ఓ, తిన్నగా పోవడం వల్లే తిరగబడింది!” అంది ప్రశ్నల పిల్ల. ఆ మాట నేను చెప్పలేదు. ఆ రోజుకి నాకదే చాలు.

తరువాతి శనివారానికి బొమ్మ ఇంకా తేటగా పడాలని మా ఇంట్లోంచి తెల్ల దుప్పటి తెచ్చి కన్నానికి ఎదురుగా కట్టాలనుకున్నాను. ఈలోగా పిల్లలు ఇళ్లకు వెళ్లి శుభవార్త చెప్పేశారు: “గుళ్లో ఆంటీ సినిమా చూపించింది!”

మా సంఘంలో పెద్దతరం వాళ్లకు సినిమా అంటే పాపమే. సంఘ పెద్దగారి భార్య అయితే డెబ్బై ఏళ్లలో ఒక్క సినిమా చూడలేదు. ఆరాధనలో లేచి సాక్ష్యం చెప్పేటప్పుడు ఆ సంగతి మొదట చెబుతుంది. ఆవిణ్ని మేమంతా పిన్ని అంటాం. ఆదివారం ఆరాధన అవగానే పెద్దగారు నన్ను పిలిచారు.

“ఏటమ్మా, దేవుడి గదిలో సినిమాలేటి? సోమవారం వడ్రంగొస్తాడు, ఆ కన్నం మూయించీస్తాను. మీ పిన్నొచ్చి శనివారం చూస్తాది. నిజంగా సినిమాయే అయితే నీ క్లాసు కూడా ఆపీయాల్సిందే.”

“బాబాయిగారూ, పిన్ని చూసేదాకా కన్నం ఉంచండి. మూసేస్తే చూడ్డానికేముంటుంది?” అన్నాను. ఆయన ఆలోచించి, వడ్రంగిని ఒక వారం ఆపారు.

ఆ వారం రోజులూ నా ప్రార్థన ఒక్కటే. గది పోతే నాకు మరో గది లేదు. డిగ్రీ లేనిదానికి, బడి మెట్లు ఎరగనిదానికి ఎవరు పిల్లల్ని అప్పగిస్తారు?

శనివారం పిన్ని వచ్చింది. కుర్చీ దుప్పటికి వీపు పెట్టి వేసుకుని, ఒళ్లో ఉన్ని అల్లిక పెట్టుకుని కూర్చుంది.

“నాను సూడను. మీరు సూపించుకోండి. నాను వింటాను,” అంది.

“వినడానికి ఇందులో మాటలుండవు పిన్నీ.”

“మాటల్లేని సినిమాయా? మరీ పాతది తెచ్చినావేటే?”

పిల్లలు కిసుక్కున నవ్వారు. మామూలు ప్రకారం ఒక పాట పాడి, కిటికీ మూశాం. దుప్పటి మీద వీధి వాలింది. పిన్ని కళ్లు కూడా గట్టిగా మూసుకుంది. అప్పుడు ప్రశ్నల పిల్ల, ఎవరూ అడక్కుండానే, జరుగుతున్నది చెప్పడం మొదలుపెట్టింది.

“టీ దాదా... రిక్షా... ఇదిగో, ఎర్ర మంకీ టోపీ తాత మిఠాయి కొట్టుకాడ ఆగినాడు.”

అల్లిక సూదులు ఆగాయి. కలకత్తాలో కాస్త చలిగాలి వీచగానే సగం ఊరు మంకీ టోపీల్లోకి దూరుతుంది. కానీ ఎరుపుది, పైన పచ్చ కుచ్చుతో, మా వీధిలో ఒకటే ఉంది.

“కుచ్చేటి రంగే?” అంది పిన్ని, కళ్లు తెరవకుండానే.

“పచ్చ.”

పిన్ని కుర్చీతో సహా తిరిగింది. దుప్పటి మీద, కాళ్లు పైకి, కుచ్చు కిందికి, మా సంఘ పెద్దగారు నిలబడి ఉన్నారు. చేతిలో ఆకు. ఆకులో కొత్తబెల్లం సందేశ్ మిఠాయి, ఒకటి కాదు, రెండు. ఆయనకు షుగరు. ఇంట్లో టీలో పంచదార కూడా వేయదు పిన్ని.

“తాత ఉల్టా తింటన్నా కింద పడట్లేదు!” అని ఒకడు ఆశ్చర్యపోయాడు.

“ఒలమ్మో! మోకాలు నొప్పి, అడుగెయ్యలేను, నువ్వే ఎల్లు అన్నాడే నాతో!” పిన్ని లేచి కిటికీ తలుపు బార్లా తెరిచింది. వెలుగు లోపలికి దూకింది; దుప్పటి మీది వీధంతా ఒక్క క్షణంలో చెరిగిపోయింది. “అయ్యో, పోయింది!” అని పిల్లలు ఏడుపు మొహాలు పెట్టారు. పిన్నికి ఇప్పుడు బొమ్మతో పని లేదు.

“ఏవండీ! ఆ రెండోది ఆడ ఎట్టీయండి!”

ఎండలో నిటారుగా నిలబడ్డ పెద్దగారు నాలుగువైపులా చూసి, చివరికి ఆకాశం వైపు చూశారు. పైనుంచి పిలుపు వచ్చిందనుకున్నారేమో, పాపం.

పిన్ని నెమ్మదిగా కుర్చీలో కూర్చుని రొప్పు తీర్చుకుంది. “ఇది సినిమా కాదే,” అంది. “సినిమాలన్నీ అబద్ధాలంట కదా. ఇది నిజమే సెప్తంది.” తరువాత ఒక దారం అడిగి తీసుకుని, తల ఎందుకు కిందికి పోయిందో పిల్లల చేత రెండుసార్లు చెప్పించుకుంది.

సోమవారం వడ్రంగి వచ్చాడు. కన్నం మూయలేదు, అటూ ఇటూ జరిగే చిన్న చెక్క మూత బిగించాడు. పిన్ని దగ్గరుండి చేయించింది.

తరువాతి ఆదివారం పెద్దగారు నన్ను స్తంభం పక్కకు పిలిచారు.

“పాఠానికి ముందు పాట పాడిస్తావు కదమ్మా?”

“పాడిస్తానండీ.”

“కాస్త గట్టిగా పాడించు. కిటికీ తెరిసే పాడించు. పిల్లలకి గొంతులు బాగుపడతాయి.”

“ఒక చరణం చాలా బాబాయిగారూ?”

“నా మోకాళ్లకి ఒక చరణం సాల్దమ్మా. నాలుగూ పాడించు.”

ఇందులో మోసమేమైనా ఉందా అని ఆ రాత్రి ప్రార్థనలో నన్ను నేనే అడిగి చూసుకున్నాను. దేవుణ్ని స్తుతించమంటే నేను కాదనగలనా? అందుకని ఇప్పుడు ప్రతి శనివారం కిటికీ బార్లా తెరిచి నాలుగు చరణాలూ పాడతాం. పిన్ని ముందు వరసలో, ఈసారి కిటికీకి వీపు, దుప్పటి వైపు మొహం పెట్టి, అల్లుకుంటూ కూర్చుంటుంది. ఆమెన్ అనగానే తలుపు మూసి, మూత జరుపుతాం. వీధి వచ్చి వాలుతుంది. కొట్టు ముందు ఎవరూ ఉండరు. దుప్పటి అంచున మాత్రం, కిందికి వేలాడుతున్న పచ్చ కుచ్చొకటి గబగబా దాటిపోతుంది.