ఎగ్జిట్ పడని టేబుల్

సౌదీలో స్థానికులకే ముందు ఉద్యోగాలంటూ నితాఖత్ చట్టం వచ్చాక ఎవరికి ఏ కాగితాలు కావాలో మా జుబైల్ క్యాంపు వాళ్ల కోసం తెలుగులో ఒక వెబ్ పేజీ రాశాను. ఈ సాయంత్రంలోగా ఆఫీసు కంప్యూటర్లో పెట్టాలి. తీరా తెరిచి చూస్తే సగం నుంచి కిందంతా కలగాపులగం. పైగా గదిలో నెట్ లేదు.

నా దగ్గర అక్షరాలు తప్ప బొమ్మలు చూపించని పాత బ్రౌజర్ ఒకటుంది. అందులో ఒక మీట నొక్కితే, నెట్ లేకుండానే ఫైల్లో తప్పులు పట్టేలా పెట్టుకున్నాను. నొక్కాను. ఒక్కటే తప్పు: నలభయ్యో వరుసలో గడుల పట్టిక కోసం తెరిచిన టేబుల్ ట్యాగ్‌ను ఎక్కడా మూయలేదు.

పక్క మంచం మల్లన్న జగిత్యాల నుంచి వచ్చిన పైపు ఫిట్టర్. నల్ల తెరలోకి తొంగిచూసి ఏమైందని అడిగితే చెప్పాను.

"అంటే ఎంట్రీ కొట్టినవ్, ఎగ్జిట్ కొట్టుడు మరిచినవ్. గందుకే ఎనకున్నోళ్లందరు ఆగమైన్రు."

పదేళ్లుగా వెబ్ పేజీలు రాస్తున్నాను, ఇంత సూటిగా ఎవరికీ చెప్పలేకపోయాను. మూసే ట్యాగ్ పెట్టి మళ్లీ మీట నొక్కితే తప్పులు సున్నా. మల్లన్న నా చెయ్యి పట్టి ఊపి "మబ్రూక్" అని అరబ్బీలో అభినందించాడు.

పనికి పెట్టుకున్న యజమాని, అంటే కఫీల్, సంతకం లేకుండా ఈ దేశం నుంచి ఎగ్జిట్ దొరికినవాళ్లు మీలో ఎవరైనా ఉంటే చెప్పండి. మల్లన్న లెక్కలో మాత్రం నా టేబులే మొదటిది.