బేవోళ్ళ మూడో పేరు

కోడేరు దగ్గర మా ఊళ్ళో మా ఇంటిని బేవోళ్ళ ఇల్లు అంటారు. మాకు వేరే ఇంటిపేరుంది, ఆధార్ కార్డులో కూడా ఉంది. ఊరు దాన్ని లెక్కచేయదు. చిన్నప్పుడు అలా పిలిస్తే పలికేదాన్ని. కొంచెం ఎదిగాక, అది బేవార్స్, అంటే వారసుడు లేనివాళ్ళు, అనే తిట్టుకు కురచ రూపమని ఊరంతా అనుకుంటోందని తెలిసింది. ఎదురింటి చిన్నాయన అనుకోవడంతో ఆగేవాడు కాదు.

ఆయన్ని చిన్నాయన అనేది వయసును బట్టే, వరుసను బట్టి కాదు. ఇంటిపేరు ఇద్దరిదీ ఒకటే. ఆ మాట ఎత్తితే, "ఇంటిపేరు కలిస్తే సుట్టరికం కలుస్తదా? గట్లయితే గద్వాల బస్సుల సగం మంది నా తమ్ములే" అనేవాడు. వాళ్ళ గేటు మీద వాళ్ళ తాత పేరు రాతిలో చెక్కించుకున్నాడు. మా ఇంట్లోంచి ఎటు చూసినా ఆ పేరే కనబడుతుంది. వాళ్ళ కూతురి పెళ్ళిలో మా అమ్మ విస్తట్లో బూరె వేయకుండా ముందుకు పోయారు. మరిచిపోయామన్నారు. పక్క విస్తట్లో రెండు వేసినవాళ్ళు మరిచిపోయినట్టా? ఇది జరిగి చాలా ఏళ్ళయింది. అమ్మ ఎప్పుడో మరిచిపోయింది. ఎవరో ఒకరు గుర్తుంచుకోవాలి కదా.

మా నాన్న పోయాక వచ్చిన మొదటి పెత్రమాస నాడు అసలు గొడవ మొదలైంది. బతుకమ్మ పండుగ మొదలయ్యే అమావాస్యే పెత్రమాస. ఆరోజు పోయిన పెద్దల పేరు మీద బియ్యం, కూరగాయలు అయ్యగారికి ఇస్తాం. ఇచ్చేటప్పుడు మూడు తరాల పేర్లు చెప్పాలి: తండ్రి, తాత, ముత్తాత. నాకు అన్నదమ్ములు లేరు. అందుకని పళ్ళెం నేనే ఎత్తుకుపోయాను. నాన్న పేరు చెప్పాను, తాత పేరు చెప్పాను.

"మూడో పేరమ్మా?" అన్నారు అయ్యగారు.

నాకు తెలియదు. నాన్నకూ తెలియదు. తాత పాలు తాగే పిల్లాడిగా ఉన్నప్పుడే ఆయన తండ్రి పోయాడట, ఇంట్లో ఎవరూ ఆ పేరు ఎత్తలేదట. నాన్న అక్కడికి వచ్చేసరికి ఏదో దేవుడి పేరు చెప్పి కానిచ్చేసేవాడు. నాకు అదీ తోచలేదు. వెనక తన పళ్ళెంతో నిలబడ్డ చిన్నాయన అందుకున్నాడు.

"బేవార్సోళ్లకు మూడో పేరు యాడికెల్లి వస్తది అయ్యగారూ? ఇప్పుడు ఇంట్ల కొడుకు సుత లేకపాయె. పేరుకు తగ్గట్టే అయ్యింది."

ముగ్గురు నవ్వారు. ఎవరెవరో నాకు తెలుసు.

"వచ్చే పెత్రమాసకు చెప్త చిన్నాయనా. నీకు ఇనపడేటట్టు చెప్త" అన్నాను.

తర్వాత ఆయన వంతు వచ్చింది. తండ్రి పేరు గట్టిగా చెప్పాడు, తాత పేరు ఇంకా గట్టిగా చెప్పాడు. మూడో పేరు దగ్గర దగ్గు వచ్చింది. ఆ దగ్గు నేను చిన్నప్పటి నుంచీ వింటున్నదే. పెద్దవాడు, చల్లగాలి పడదేమో అనుకున్నాను.

ఇంటికొచ్చి చెబితే, ఇల్లరికం వచ్చిన మా ఆయన, "పేరు తెల్వకుంటే ఏమైతది? పోయినాయన ఏమన్న అలిగిండా?" అన్నాడు.

"ఆయన అలగలే. నేను అలిగిన."

భూమి కాగితాల్లో దొరుకుతుందని నాకు గట్టి నమ్మకం. మా చెలక సర్వే నంబరు పాసుబుక్కులో ఉంది. ఆ నంబరు కింద నిజాం కాలం నాటి పుస్తకంలో ఎవరి పేరుందో చూస్తే చాలు. కానీ ఒకప్పుడు ఒకటే జిల్లా ఇప్పుడు ముక్కలైంది, పాత పుస్తకాల మూటలు కూడా ముక్కలై తలోదిక్కూ పోయాయి. మొదటి ఆఫీసులో రెండో ఆఫీసుకు పొమ్మన్నారు. రెండో ఆఫీసులో అసలు మొదటిచోటే ఉంటాయన్నారు. నాగర్‌కర్నూల్, వనపర్తి, గద్వాల బస్సుల వేళలు నాకు నోటికొచ్చేశాయి. ఏ ఆఫీసు ఏ ఊరిదో ఇక్కడ చెప్పను గానీ, ఎక్కడ ఎవరు కుర్చీ చూపించలేదో మాత్రం నన్నడిగితే చెబుతాను.

నిజం చెప్పాలంటే నాకు ఇదంతా పండుగలాగే ఉండేది. దరఖాస్తు రాయడమంటే నాకు చెప్పలేనంత ఇష్టం. "అయ్యా, నేను ఇదివరకు మూడుసార్లు విన్నవించుకున్నాను" అని మొదలుపెడితే ఒంట్లోకి బలం వస్తుంది. అయిదోసారి వెళ్ళినప్పుడు అక్కడి గుమాస్తా తలెత్తి, "మళ్ళ మీరేనా అమ్మా?" అన్నాడు.

"ఇచ్చేదాంక నేనే సారూ."

"మీకు ఇంట్ల పనుండదా?"

"ఇదే పని."

ఆయన లేచి లోపలికి పోయాడు. నా మొహం ఇంక చూడలేకే మూట విప్పాడని నా అనుమానం. వారం తర్వాత ముద్ర వేసిన నకలు చేతికొచ్చింది. ఒక్కటే పేజీ, మొత్తం ఉర్దూలో ఉంది. నాకు ఒక్క ముక్క రాదు. అక్కడున్న ముసలి అటెండరు కళ్ళద్దాలు సర్దుకుని, వేలు పెట్టి కూడబలుక్కున్నాడు.

"బే... వా... బేవార్స్ అని రాసిన్రమ్మా. గంతే."

తిట్టును సర్కారు కూడా రాసి పెట్టుకుందా? అంటే చిన్నాయన మాట ముద్రతో సహా నిజమన్నమాట. ఇంటికెళ్ళే బస్సు వచ్చింది, ఎక్కలేదు. ఎక్కితే రేపు వాళ్ళ గేటు చూడాలి. దాని బదులు గద్వాల బస్సెక్కాను. అక్కడ ఒక రిటైరయిన ఉర్దూ టీచరమ్మ చీరలకు ఫాల్స్ కుడుతుంది, నా చీరలన్నీ ఆమె దగ్గరికే పోతాయి. మొండిదాన్ని కదా, తిట్టు కూడా సరిగ్గా చదివించుకున్నాకే ఏడుద్దామనుకున్నాను.

టీచరమ్మ మిషన్ ఆపి కాగితాన్ని కిటికీ వైపు తిప్పింది.

"ఎవరు చదివిన్రు బేవారిస్ అని?"

"ఆఫీసుల ఒక పెద్దమనిషి."

"ఆయనకు సగం ఉర్దూనే వస్తది. చూడు, బే, యే, వావ్. ఈడిదాంక రెండు మాటలు ఒక్కతీరే ఉంటయి. బేవారిస్ అయితే ఎనుక అలిఫ్, రే, సే రావాలె. యాడున్నయి? హే పెట్టి ఆపేసిండు. ఇది బేవా."

"బేవా అంటే?"

"మొగడు పోయినామె. ముందుగాల ఆమె పేరు, నడుమ బేవా, ఎనుక ఆయన పేరు. ఫలానాయన పోయిండు, ఆయన పెండ్లాం ఫలానామె పేరు మీద భూమి ఉన్నది. సాఫ్ రాసిన్రు గద."

"ఆయన పేరు గుడ్క ఉన్నదా?"

"లేకుంటే ఎవరి బేవా అని రాస్తరమ్మా?"

చదివింది. మూడో పేరు!

నేను ఎగిరి లేచాను. ఆమె దారం ఉండల డబ్బా దొర్లిపోయింది. మంచం కిందకి ఒకటి, గడప దాటి ఇంకొకటి. ఇద్దరం నేల మీద పాకుతూ ఏరుకున్నాం. ఆమె నవ్వీ నవ్వీ, "నీకు పిచ్చిలేసిందా, భూమి ఏమన్న దొరికిందా?" అంది.

"భూమి ఉన్నదే. మనిషి దొరికిండు."

ఆ పేరు ఇక్కడ రాయను. రాస్తే కొందరికి తేరగా దొరుకుతుంది.

ఊరు బేవామె ఇల్లు అన్నది, నోళ్ళు మారి బేవోళ్ళ ఇల్లయింది, ఆ తర్వాత ఎవరి కడుపుమంటో దాన్ని బేవార్స్ చేసింది. వారసుడు లేని ఇల్లు కాదు మాది. ఒంటిచేత్తో భూమి నిలబెట్టిన ఆడమనిషి ఇల్లు. ఈమాట నేను గట్టిగానే అన్నట్టున్నాను, ఎందుకంటే టీచరమ్మ, "ఆగు, ఇంకో వరుస ఉన్నది" అంది.

కింద ఇద్దరు మైనరు కొడుకుల పేర్లున్నాయి. చిన్నవాడు మా తాత. పెద్దవాడి పేరు ఆమె చదవగానే నాకు దాన్ని ఎక్కడ చూశానో ఇట్టే తెలిసింది. రోజూ పొద్దున లేవగానే చూస్తాను. గేటు మీద, రాతిలో.

చిన్నాయన దగ్గు కూడా అప్పుడే అర్థమైంది. ఆయనకూ మూడో పేరు తెలియదు.

వనపర్తి దాకా బస్సులో నవ్వుతూనే ఉన్నాను. ఆపుకోవడానికి కొంగు నోట్లో కుక్కుకున్నా ఆగలేదు. పక్క సీటామె మూట పట్టుకుని కొంచెం దూరం జరిగింది. ఆమెను మాత్రం నేనేమీ అనలేదు.

పెత్రమాస వచ్చింది. మూడు నెలలు నేను నోరు మూసుకుని ఉండటం మా ఆయన మొదటిసారి చూశాడు. అయ్యగారి ముందు నాలుగిళ్ళవాళ్ళు పళ్ళాలతో నిలబడ్డారు. చిన్నాయన నా వెనకే ఉన్నాడు, నేనే అలా చూసుకుని నిలబడ్డాను. నాన్న పేరు చెప్పాను. తాత పేరు చెప్పాను. మూడోది చెప్పాను, దాని వెంటనే ఆమె పేరు కూడా చెప్పాను.

అయ్యగారు తలెత్తారు. "దొరికిందా అమ్మా?"

"దొరికింది. భూమి ఆమె పేరు మీద, ఇద్దరు కొడుకుల పేర్లు కింద, సర్కారు కాగితంల ఉన్నది. చిన్న కొడుకు మా తాత. పెద్ద కొడుకు పేరు ఎదురింటి గేటు మీద ఉన్నది, సదువుకోవచ్చు."

ఎవరూ నవ్వలేదు. పోయిన ఏడు నవ్విన ముగ్గురినీ ఒక్కొక్కరినే చూశాను.

నేను పక్కకు జరిగాను. చిన్నాయన పళ్ళెం ముందుకు పెట్టాడు. తండ్రి పేరు చెప్పాడు. తాత పేరు చెప్పాడు. దగ్గు రాలేదు. పళ్ళెంలో బియ్యం సర్ది, నా వైపు తిరగకుండానే అన్నాడు.

"ఆ మూడో పేరేందో జర మళ్ళ చెప్పు బిడ్డా. ఇనపడలే."

అమ్మ విస్తట్లో పడని బూరె గుర్తొచ్చింది. కానీ ఆ పేరు ఎన్నేళ్ళుగా నోళ్ళ కోసం కాచుకుని ఉందో! చెప్పాను. ఆయన ఆ పేరు పలికాడు, బియ్యం మీద నీళ్ళు వదిలాడు.

"ఆమె పేరు?" అన్నాడు.

అదీ చెప్పాను. రెండోసారి కొంచెం గట్టిగా చెప్పాను. ఆయన అడగకుండానే మూడోసారి కూడా చెప్పాను.