నల్ల కాఫీ మీద నురుగు

మా అమ్మాయికి పాలు పడవు. పడవంటే అరగకపోవడం కాదు. పొరపాటున ఒక చెంచాడు లోపలికి వెళ్ళినా పెదాలు వాచిపోతాయి, మెడ మీద దద్దుర్లు లేస్తాయి, తర్వాత ఊపిరి అందదు. పసితనంలో మొదటిసారి పెరుగన్నం పెట్టినప్పుడు దాన్ని భుజాన వేసుకుని నందిగామ బజారంతా పరిగెత్తి ఆస్పత్రిలో పడ్డాను. చెప్పులు ఇంటి దగ్గరే ఉండిపోయాయని డాక్టరు గారు సూది వేశాక గానీ తెలియలేదు. పెద్దయ్యేకొద్దీ చాలామంది పిల్లలకు పోతుందమ్మా అన్నారాయన. మా అమ్మాయికి పోలేదు. డిగ్రీ కూడా అయిపోయింది, అది మాత్రం అలాగే ఉంది.

ఇంట్లో పాల ప్యాకెట్టు కొనడం ఎప్పుడో మానేశాం. నేను బ్లౌజులు కుడతాను. కొలతలివ్వడానికి వచ్చినవాళ్ళు ముద్దుగా పిల్ల చేతిలో చాక్లెట్టు పెడితే వాళ్ళ ఎదురుగానే లాక్కునేదాన్ని. వీధిలో గయ్యాళినన్న పేరొచ్చింది. వస్తే రానీ అనుకున్నాను. ఆదివారం ప్రార్థన అయ్యాక చర్చి వరండాలో టీ ఇస్తారు. అందరూ కబుర్లలో పడితే నేను గ్లాసులు ఎవరి చేతిలోంచి ఎవరి చేతికి పోతున్నాయో చూస్తూ నిలబడేదాన్ని. "నువ్వు ప్రార్థనకొస్తున్నావా, టీకి కాపలా కాయడానికొస్తున్నావా?" అని మా ఆయన వేళాకోళం చేసేవాడు. ఆయన నవ్వేవాడు గానీ అత్యవసరానికి డాక్టరు రాసిచ్చిన సూదిమందు పెట్టె నా బ్యాగులో ఉందో లేదో గుమ్మం దాటేముందు తనే అడిగేవాడు.

మా వైపు ఇంకో చిక్కుంది. ఇంటికొచ్చిన మనిషికి ఉత్త డికాషను ఇవ్వడమంటే చిన్నతనం. పాలు నిండుకుంటే పక్కింట్లో అడిగైనా తెచ్చి పోస్తారు. వద్దండీ అంటే మొహమాటపడుతున్నామనుకుంటారు. ఒక్క చుక్కకేమవుతుందిలే అని పోసేస్తారు. నా భయమంతా ఆ చుక్క గురించే. గిట్టనివాళ్ళయితే దూరంగా ఉండొచ్చు, ప్రేమగా పెట్టేవాళ్ళ నుంచి పిల్లని ఎలా దాచుకోను?

ఆమధ్య దానికి హైదరాబాదులో ఉద్యోగం వచ్చింది. నేను వద్దన్నాను. హాస్టల్లో ఎవరు వండుతారో, ఏ గరిటె తీసి ఏ గిన్నెలో పెడతారో తలుచుకుంటే నాకు నిద్ర పట్టేది కాదు. ఇద్దరం మాటలు మానేశాం. చివరికి అదే ఓ మెట్టు దిగింది.

"అమ్మా, లైనింగు గుడ్డలకి జగ్గయ్యపేట వెళ్తున్నావుగా, నేనూ వస్తా. వచ్చేటప్పుడు చిల్లకల్లు దగ్గర హైవే మీద కొత్త కాఫీ షాపులో కూర్చుందాం. నేనే ఆర్డరిస్తా, నేనే తాగుతా, నువ్వు నోరెత్తకూడదు. నన్ను నేను చూసుకోలేనని నీకక్కడ అనిపిస్తే ఇంక హైదరాబాదు మాటెత్తను."

ఒప్పుకున్నాను. జగ్గయ్యపేటలో గుడ్డలు చూస్తున్నానన్న మాటే గానీ ఏ రంగు తీసుకున్నానో ఇంటికొచ్చి విప్పేదాకా నాకు తెలియదు.

షాపుకి అద్దాల తలుపులు. బయట లారీలు పోతుంటే ఆ అద్దాలు సన్నగా అదురుతున్నాయి. లోపల పెద్ద స్టీలు మిషను, దాని పక్కన ఆవిరి గొట్టం. ఆ గొట్టాన్ని పాల జగ్గులో ముంచగానే చెవులు చిల్లులు పడేలా చప్పుడు, బల్ల మీద పాల తుంపర్లు. వాటిని తుడిచిన గుడ్డతోనే మళ్ళీ గొట్టాన్ని తుడిచారు. అవన్నీ చూస్తూ బ్యాగులోకి చెయ్యి పోనిచ్చి సూదిమందు పెట్టెని తడుముకున్నాను. కౌంటరు వెనక నా వయసావిడే ఉంది. జడలో చామంతులు, ముఖం నిండా నవ్వు. సొంత షాపట. నవ్వు చూస్తే ఇంకా భయం వేసింది, ఇలాంటివాళ్ళే చుక్క పోస్తారు.

గోడ మీద బోర్డు చూపిస్తూ అమ్మాయి నాకు పాఠం మొదలుపెట్టింది.

"అన్నిటికీ అసలుది ఒకటేనమ్మా, ఎస్ప్రెస్సో. మెత్తటి పొడిలోంచి వేడినీళ్ళని గట్టిగా ఒత్తి పంపిస్తారు. మన ఫిల్టర్‌లోలాగా బొట్టు బొట్టు దిగేదాకా కూర్చోనక్కర్లేదు. చిన్న కప్పులో చిక్కగా, చేదుగా వస్తుంది. పాలుండవు. దాంట్లో వేడినీళ్ళు కలిపితే అమెరికానో, నేను తాగేది అదే."

"మరి ఇది?"

"మకియాటో. ఎస్ప్రెస్సో మీద చెంచాడు పాల నురుగేస్తారు. కాపుచినో అంటే పాలు పోసి పైన మందంగా నురుగు. లాటేలో పాలు ఇంకా ఎక్కువ, నురుగు పల్చగా ఉంటుంది. ఫ్లాట్ వైట్‌కి కప్పు చిన్నది, పాలు తక్కువ, అందుకని కాఫీ ఘాటు తెలుస్తుంది. మోకా అంటే పాలతోపాటు చాక్లెట్టు కూడా వేస్తారు."

జనం వాటిని రుచిని బట్టి ఎంచుకుంటారు. నేను మాత్రం ఏది గొంతులోకి దిగితే ఎంతసేపట్లో ఆస్పత్రిలో ఉండాలో ఆలోచిస్తున్నాను. లాటే అంటే నాకంత భయం వేయలేదు. తెల్లగా ఎదురుగా కనిపించే పాలని ఎవరైనా పక్కన పెట్టగలరు. నన్ను భయపెట్టింది మకియాటో. నల్లటి దాని మీద చెంచాడు నురుగు, కాస్త కలిసిపోతే ఎవరు పోల్చుకుంటారు?

అమ్మాయి కౌంటరు దగ్గరికెళ్ళింది. "ఆంటీ, ఒక అమెరికానో అండి. నాకు పాలు పడవు, అస్సలు తగలకూడదు. పాలు తగిలిన చెంచా కూడా వద్దండి." ఆవిడ అలాగేనమ్మా అని తలూపింది. అడగడం బాగానే అడిగింది.

కప్పు వచ్చింది. నల్లటి కాఫీ, దాని మీద లేత గోధుమరంగు నురుగు.

నేను ఆలోచించలేదు. "తాగకే!" అని అరిచి కప్పుని చేత్తో తోసేశాను. కాఫీ బల్లంతా పారి నా ఒళ్ళోకి కారింది. షాపులో అందరూ మావైపే తిరిగారు. "ఏంటిది, పిల్లకి ఇలాంటిదా ఇచ్చేది!" అని ఆవిడ మీద కేకలేశాను. మిషను మోతలో ఆవిడకి ఎంత వినిపించిందో తెలియదు, బిత్తరపోయి గుడ్డ తీసుకుని పరిగెత్తుకొచ్చింది.

అమ్మాయి నా చెయ్యి పట్టుకుంది. "అమ్మా, అది పాల నురుగు కాదు. అంత ఒత్తిడితో కాఫీ దిగేటప్పుడు దాని నూనే అలా పైకి తేలుతుంది. క్రీమా అంటారు. కాసేపట్లో అదే పోతుంది."

సిగ్గుతో నాకు చెమటలు పట్టాయి. కూతురి బతుకుకి అడ్డం పడుతున్న తల్లిని నేనేనా అనిపించింది. ఇక దేనికీ నోరెత్తకూడదని ఒట్టు పెట్టుకున్నాను. ఇంతలో ఆవిడ ఇంకో కప్పు తెచ్చి అమ్మాయి ముందు పెట్టింది. "మీరేమీ అనుకోకండి అక్కా" అంది నాతో, నా మోచెయ్యి మీద చెయ్యేసి. ఆ కప్పు మీదా అదే గోధుమరంగు నురుగు. ఈసారి నేను తెలిసినదానిలా తల ఊపాను.

"తాగమ్మా" అన్నాను.

అమ్మాయి తాగలేదు. కప్పుని కిటికీ వెలుతురు వైపు తిప్పింది. చెంచాతో నురుగుని నెమ్మదిగా పక్కకి జరిపింది. కింద నలుపు లేదు. బురదనీళ్ళ రంగు ఉంది.

"ఆంటీ, ఇందులో పాలు కలిపారా అండి?"

"ఒక్క చుక్కేనమ్మా" అంది ఆవిడ, ఇంకా నవ్వుతూనే. "మీ అమ్మగారు ఆ నల్లనీళ్ళు చూసి ఎంత బాధపడ్డారో! ఆడపిల్లకి ఉత్త చేదు ఇచ్చానని నాకే మనసొప్పలేదు."

అది తాగితే ఏమవుతుందో అమ్మాయి ఆవిడకి మెల్లిగా, వివరంగా చెప్పింది. ఆవిడ ముఖంలో నవ్వు పోయి, నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. ఆ చుక్క పడింది నా కేకల వల్ల. తాగమన్నది నా నోరు. ఇన్నేళ్ళూ ఎవరి చేతిలోంచి వస్తుందా అని నేను భయపడిన కప్పు అది.

నందిగామ బస్సెక్కాం. కిటికీ పక్కన కూర్చున్న దాని మెడ వైపు, పెదాల వైపు ఊరికే చూస్తున్నాను, చుక్క కూడా తాగలేదని తెలిసినా. కంచాలు, గ్లాసులు అన్నీ అలాగే చూస్తావా అని అడిగాను చివరికి.

"చూస్తానమ్మా. ప్రతిసారీ."

"భయం వేయదూ?"

"వేస్తుంది. అందుకే చూస్తా."

మర్నాడు పొద్దున్నే ఇన్‌స్టంటు పొడితో నల్ల కాఫీ కలిపి గ్లాసు దాని చేతికిచ్చాను. మా ఇంట్లో పాలుండవని దానికి తెలుసు. అయినా గ్లాసుని వెలుతురు వైపు వంచి, ఒక్క క్షణం చూసి, అప్పుడు తాగింది. చిన్నప్పటి నుంచీ నేనిచ్చిన ప్రతి గ్లాసునీ ఇలాగే చూసేదేమో. ఊరందరి చేతులకీ కాపలా కాస్తూ నేనది కనిపెట్టలేదు. నా చేతిని కూడా నమ్మనంత భయం అంత చిన్న పిల్లలో ఉండేదా అని దుఃఖం ముంచుకొచ్చింది.

కొంగుతో కళ్ళు తుడుచుకుని లోపలికెళ్ళాను. నా బ్యాగులోంచి సూదిమందు పెట్టె తీసి దాని బ్యాగులో పెట్టాను.