వెనక బెంచీ మైకులు

మా వదిన పోయిందని ఏడ్చిన మీరే ఆమె పెట్టిన మైకులను ఆపేసిండ్రు. ఎల్బీనగర్‌లోని మన చర్చి ముందు వరుసల్లో కూర్చునే మీతోనే మాట్లాడుతున్న. పక్కకు చూడకండి.

పోయిన నెల, పొయ్యి మీది కుక్కర్ దించుతూ కుప్పకూలింది. దవాఖానకు చేరేలోపే అయిపోయింది. దిల్‌సుఖ్‌నగర్‌లో సౌండు సామాన్లు బాగుచేసే దుకాణంలో పనిచేసేది. అన్నం కలుపుతున్నా ఆమె వేళ్లకు సోల్డరింగు వాసనే.

చర్చిలో సాక్ష్యం చెప్పడానికి, అంటే దేవుడు చేసిన మేలు నలుగురికి చెప్పుకోవడానికి, ఒకటే చేతిమైకు ఉండేది. పెద్దలంతా మాట్లాడినంక వెనక బెంచీకి, ఇండ్లల్ల పనిచేసే ఆడవాళ్ల దగ్గరికి వచ్చేది. అప్పటికి బ్యాటరీ అయిపోయేది. ప్రతిసారీ. "గట్టిగ చెప్పమ్మా" అని ముందునుంచి ఎవరో ఒకరు నవ్వేటోళ్లు.

వదిన నవ్వలేదు. బఠానీ గింజంత మైకులు, వాటికి అగ్గిపెట్టెంత డబ్బాలు చేసి వెనక బెంచీలకు బిగించింది. బ్యాటరీ అక్కర్లేదు. మైకుల వైర్లన్నీ కలిసే మిక్సర్ మీద ఒక బటన్ నొక్కితే, మాట వచ్చే వైరులోనే కరెంటు ఎదురుపోయి డబ్బాకు అందుతది. ఫాంటమ్ పవర్ అంటరట.

"ఒక్క వైరుల అటు కరెంటు, ఇటు మాట. కొట్టుకోవా వదినా?"

"నువ్వూ మీ అన్నా ఒక్క ఇంట్ల ఉంటలేరా? గట్లనే."

నేను దేవుణ్ణి నమ్మను. "గా కరెంటు నీకు కనవడుతుందా తమ్మీ?" అనేది. "మీటరు పెడితే కనవడ్తది." "ఐతే మీటరు కొనుక్కో పో" అని కంచంలో ఇంకో ముక్క వేసేది. ఆ వాదం నేనెన్నడూ గెలవలేదు. ఇప్పుడు గెలుద్దామంటే ఎదురుగ మనిషి లేదు.

ఆమె పోయినంక చర్చిలో పెట్టిన ఆదరణ కూడికలో, బడంగ్‌పేట్ నుంచి వచ్చిన ఆమె స్నేహితురాలు వెనక బెంచీలోంచి లేచి "మా అక్క" అన్నది. స్పీకర్లు పలకలేదు.

"ఆమెతోనే పోయినయి" అన్నడు సంఘపెద్ద.

మిక్సర్ దగ్గరికి పోయి చూస్తే బటన్ ఆపి ఉంది. "ఎందుకు ఆపినవ్?" అని ఆపరేటర్‌ను అడిగిన.

"సంఘపెద్ద సారే ఆపమన్నడన్నా. కొత్త బ్యాటరీ మైకులు తెస్తరట."

నొక్కిన. ముందు మాట రాలేదు. ఏడుపు ఆపుకుంటున్న వెనక బెంచీ ఊపిరి స్పీకర్లన్నిట్లోంచి వచ్చింది. మీ తలలు అప్పుడు తిరిగినయి.

మరుసటి ఆదివారం మళ్లీ ఆపిండ్రు. అందుకే అడుగుతున్న:

ఆ బటన్ ఆపొద్దు.
ఆ వైర్లు పీకొద్దు.
మిక్సర్ నడపడం వెనక బెంచీ ఆడవాళ్లకు నేర్పాలె.
సాక్ష్యాలు వెనకనుంచి మొదలుపెట్టాలె.
"ఆమెతోనే పోయినయి" అన్న మాటను, ఆ వెనక బెంచీ మైకులోనే, వెనక్కి తీసుకోవాలె.