మా అక్క అడిగిన గోడ

మా బావ టౌనో లాహ్తి సొంత చేతులతో కట్టుకున్న ఇంటిని చూడడానికి సరస్సు అవతలి ఒడ్డు నుంచి కూడా జనం వచ్చేవాళ్ళు. తలుపు చట్రం మూలలో గోరు పెట్టి చూసి, సందు దొరక్క తల ఊపుకుంటూ వెళ్ళేవాళ్ళు. ఆ ఇంట్లో మా అక్క హెల్మి ఇరవై రెండేళ్ళు బతికింది. అందులో పద్దెనిమిదేళ్ళు, లోపల ఒక్క గోడ లేకుండా బతికింది. ఆ సంగతి ఎవరూ అడగలేదు. అడగకపోయినా చెప్పడం నాకు అలవాటు.

ఫిన్లాండ్ నుంచి వచ్చి అమెరికాలో మిచిగన్ ఉత్తరపు కొసన స్థిరపడ్డ మా ఫిన్ వాళ్ళలో, స్థలం కొన్న మగవాడు ముందు సౌనా కడతాడు. ఆవిరి స్నానానికి ఓ చిన్న కర్రల గది, అందులో రాళ్ళ పొయ్యి, పక్కన బట్టలు మార్చుకునే కాస్త చోటు. అసలు ఇల్లు లేచేదాకా కాపురం అందులోనే. మా అమ్మ అలా ఒక చలికాలం గడిపింది. మా అక్క నాలుగు గడిపింది. శనివారం వచ్చిందంటే పరుపూ గిన్నెలూ మోసుకెళ్ళి బయట మంచులో పెట్టి, స్నానాలయ్యాక మళ్ళీ లోపలికి చేరవేసుకునేది.

"ఏం అక్కా, రాజభవనం ఎప్పటికి లేస్తుంది?" అని నేను ఏడిపించేదాన్ని.

"మీ బావ ఏది కట్టినా వందేళ్ళు నిలవాలంటాడే. తొందరపెడితే ఎలా?" అనేది. అప్పటికి ఆమెకి ఇరవై మూడేళ్ళు. నిజంగానే నమ్మింది.

టౌనో చెడ్డవాడు కాడు. అది ఇప్పుడే చెప్పేస్తాను, తర్వాత నాకు చెప్పబుద్ధి కాదు. రంపపు మిల్లులో ఉద్యోగం, సాయంత్రాలూ ఆదివారాలూ ఇంటి పని. తాగడు, చెయ్యెత్తడు. మాట్లాడడు కూడా. రోజుకి పది మాటలాడితే అందులో ఆరు రంపంతోనే. మా మగవాళ్ళు చాలామంది అంతే. మా ఇంట నోరున్నదాన్ని నేనొక్కదాన్నే పుట్టానని అమ్మ దిగులుపడేది.

డెబ్భై ఒకటి అక్టోబరులో బయటి గోడలూ కప్పూ పూర్తయ్యాయి. ఇద్దరూ అందులోకి మారారు. లోపల నలభై అడుగుల హాలు ఒకటే. ఒక చివర వంట, ఒక చివర మంచం, మధ్యలో కట్టెల పొయ్యి. తాళ్ళు కట్టి దుప్పట్లు వేలాడదీస్తే అవే గదులు. "ముందు బయట, తర్వాత లోపల" అన్నాడు బావ. బయట అంటే ఏమిటో మాకు తర్వాత తెలిసొచ్చింది. కట్టెల కొట్టు కట్టాడు. పడవకి కొట్టు కట్టాడు. సౌనాని పెద్దది చేశాడు. ఒక్క ఆవు లేకపోయినా పశువుల కొట్టం కట్టాడు.

"బావా, ఆ కొట్టంలో నాలుగు గదులున్నాయి. మా అక్కని అక్కడ కట్టేయకపోయావా, కనీసం తలుపైనా ఉంటుంది" అన్నాను ఒకసారి. ఆయన కాఫీ తాగుతూనే ఉన్నాడు.

డెబ్భై నాలుగు ఫిబ్రవరిలో అక్కకి ఏడో నెలలో కాన్పొచ్చింది. మంచు తుపానుకి దారులన్నీ మూసుకుపోయాయి. మిల్లులో బావతో పనిచేసేవాళ్ళు నలుగురు పారలతో దారి తవ్వుకుంటూ నన్నూ పక్కింటి ముసలమ్మనీ తీసుకొచ్చారు. అప్పటికే ఆలస్యమైంది. దుప్పటికి ఇవతల నేను పిల్లవాణ్ణి తువ్వాల్లో చుట్టాను. దుప్పటికి అవతల ఆ నలుగురూ పొయ్యి దగ్గర మేజోళ్ళు ఆరబెట్టుకుంటూ కాఫీ తాగుతున్నారు. చెంచా కప్పుకి తగిలిన చప్పుడు కూడా వినిపిస్తోంది. మా అక్క తలగడ మూల నోట్లో కుక్కుకుంది. అలా ఒక్క చప్పుడైనా లేకుండా ఏడ్చిన మనిషిని నేను మళ్ళీ చూడలేదు.

నేల గడ్డకట్టిపోయి ఉంటుంది కాబట్టి చలికాలంలో పోయినవాళ్ళని మా దగ్గర వసంతం దాకా శ్మశానం కొట్టులోనే ఉంచుతారు. పిల్లవాణ్ణి మే నెలలో పూడ్చారు. రాతి మీద "లాహ్తి శిశువు" అని చెక్కించారు. అప్పటినుంచి ఆ ఇంట్లో వాడి ఊసు ఎవరూ ఎత్తలేదు. బావ ఎత్తలేదు, ఆయన ఎత్తలేదు కాబట్టి అక్కా ఎత్తలేదు.

ఆ తర్వాత ఆమె అడిగింది ఒక్కటే. గోడ.

"గోడ, దానికో తలుపు. అంతేనే సైమా. తలుపేసుకుని గట్టిగా ఏడవాలి. లోపలే పెట్టుకుని పెట్టుకుని గుండె బరువెక్కిపోయింది" అంది నాతో.

"అడవి ఉందిగా, పోయి ఏడు."

"అడవిలో మైలు దూరం వినిపిస్తుంది. పైగా దోమలు."

"మరి బావతో చెప్పొచ్చుగా?"

"ఏమని చెప్పను? ఏడవడానికి గది కట్టి పెట్టమనా?"

బావతో మాత్రం "లోపల ఒక గోడ ఉంటే బాగుంటుంది" అనేది. ఆయన "చూద్దాం" అనేవాడు. పదిహేనేళ్ళు ఆమె బాగుంటుందంది, ఆయన చూద్దామన్నాడు. వాళ్ళ కాపురంలో అది పెద్ద సంభాషణ.

చివరికి ఎనభై తొమ్మిదిలో అక్క గుండె బలహీనపడిందనీ, మధ్యాహ్నాలు తప్పకుండా పడుకోవాలనీ డాక్టరు చెప్పాడు. ఇక నేను ఆగలేదు. వాళ్ళింటికెళ్ళి గొంతు చించుకున్నాను. "వందేళ్ళు నిలిచే ఇల్లు కడుతున్నావు సరే, అందులో ఉండాల్సిన మనిషి ఎన్నాళ్ళుంటుందనుకున్నావు?" అన్నాను. బావ లేచి పెన్సిలు చెవి మీద పెట్టుకుని కొలతలు తీయడం మొదలుపెట్టాడు. తొమ్మిది రోజుల్లో గది తయారైంది. పదిహేనేళ్ళు అడిగిన పని తొమ్మిది రోజుల పనని తెలిసినప్పుడు నాకు ఒళ్ళు మండిపోయింది. అక్క మాత్రం సుత్తి దెబ్బ దెబ్బకీ పెళ్ళికూతురిలా మెరిసిపోయింది.

ఇక్కడినుంచి నా పెద్దరికం మొదలు. నేను ఊళ్ళో కలప దుకాణం బల్ల వెనక పాతికేళ్ళు నిలబడినదాన్ని. గోడలో ఏం పెడితే ఏమవుతుందో నాకు తెలుసు. బావ నేల మీద అడుగు పట్టీ కొట్టి, పదహారు అంగుళాలకొక నిలువు కర్ర నిలబెట్టి, రసమట్టం పెట్టి చూసుకుంటున్నాడు.

"బావా, దూది పెట్టవా?" అన్నాను. దూది అంటే చలి రాకుండా గోడల్లో కూరే గులాబీ రంగు గాజుదూది.

"లోపలి గోడకి దూది దేనికి? చలి ఇంట్లోంచి పుడుతుందా?"

"చలికి కాదు, చప్పుడుకి. నువ్వు రంపం పెట్టి గీకుతుంటే ఆమె నిద్రపోవద్దూ? ఒక వరస కర్రలు కాదు, రెండు వరసలు పెట్టు. ఇటు కర్ర అటు బిగించే జిప్సం పలకకి తగలకూడదు. మధ్యలో దూది కూరు. అప్పుడు గోడ అంటారు దాన్ని. ఇదేమిటి, పలకల దడి!"

పనిలో తప్పు పడితే మా బావ సహించలేడని నాకు తెలుసు. అందుకే అన్నాను. పెట్టిన కర్రలన్నీ ఊడదీసి రెండు వరసలు పెట్టాడు. దూది మూటలు నేనే తెచ్చాను, నేనే కూరాను. నా చేతులు మోచేతుల దాకా రెండు రోజులు దురదపెట్టాయి.

పలకలు బిగించే ముందు కర్రల మీద ఇంట్లోవాళ్ళు ఏదో ఒకటి రాయడం మా వైపు అలవాటు. బావ తేదీ వేసి బయటికి వెళ్ళాడు. అక్క ఆయన పెన్సిలు తీసుకుని, తన మంచం తలాపున వచ్చే కర్ర మీద "ఇల్మారి" అని రాసింది.

"వాడికి పేరు పెట్టావా?" అన్నాను.

"కడుపులో ఉన్నప్పుడే పెట్టాను. బావకి చెప్పకు."

నేను చెప్పలేదు. ఆ పేరు మీద దూది నేనే అదిమాను.

తొమ్మిదో రోజు సాయంత్రం తలుపు బిగించారు. అక్క పదిసార్లు వేసింది, పదిసార్లు తీసింది. "ఉండండి, పరీక్ష చేద్దాం" అని లోపలికెళ్ళి తలుపేసుకుంది. నేనూ బావా గోడకి చెవులానించి నిలబడ్డాం. ఏమీ లేదు. కాసేపటికి బయటికొచ్చింది, మొహం ఎర్రగా కందిపోయి ఉంది.

"వినిపించిందా?"

"లేదే! ఏం చేశావు?"

"మీ బావని పేరు పెట్టి తిట్టాను. పద్దెనిమిదేళ్ళ బాకీ. మొత్తం గొంతుతో."

ముగ్గురం పడీ పడీ నవ్వాం. బావ కూడా నవ్వాడు. "మంచి గోడే" అన్నాడు నా వైపు చూసి. నాకు ఎంత గర్వమో. వారం రోజులు దుకాణానికొచ్చిన ప్రతివాడికీ ఆ గోడ కథే చెప్పాను.

నాలుగేళ్ళు మా అక్క రోజూ మధ్యాహ్నం ఒక గంట తలుపేసుకుంది. బయటికొచ్చాక ఆమె కళ్ళు ఉబ్బి ఉండేవి, మొహం మాత్రం తేటగా ఉండేది. లావెక్కింది కూడా కొంచెం.

తొంభై మూడు మార్చిలో ఒక శనివారం, రెండు గంటలకి, అక్క కాఫీ కప్పుతో గదిలోకి వెళ్ళింది. బావ సౌనా రాజేసి వచ్చి, హాల్లో, ఆ గోడకి నాలుగడుగుల దూరంలో, వంటింటి బీరువా తలుపు నునుపు పడుతున్నాడు. రేడియోలో హాకీ ఆట వస్తోంది. నాలుగున్నరకి స్నానానికి లేపుదామని తలుపు తీశాడు.

నేను వెళ్ళేసరికి ఆమెని పడుకోబెట్టి దుప్పటి కప్పేశారు. నేల మీద కప్పు పిడి విరిగి పడి ఉంది. తలాపు వైపు గోడ మీద, మెత్తటి జిప్సం పలకలో, కప్పు అంచు దిగిన గుర్తులు, గోరు గుచ్చినట్టు. పద్నాలుగున్నాయి. పైనవి లోతుగా ఉన్నాయి. కిందవి రంగు మీద గీతలంతే.

అక్క కోసం ప్రార్థన జరిగిన రోజున చర్చి కింది గదిలో అందరూ కాఫీ తాగుతూ ఉంటే, పాస్టరు ముందు, ఊరంతా చూస్తుండగా, నేను బావ మీద విరుచుకుపడ్డాను. "నాలుగడుగుల దూరంలో ఉన్నావు! పద్నాలుగుసార్లు కొట్టింది! నీ బీరువా తలుపు, నీ రేడియో! నీ చెవులకి ఏమైంది?" అని అరిచాను. ఇంకా చాలా అన్నాను. కొన్ని ఇప్పుడు రాయలేను. నన్ను పట్టుకుని బయటికి తీసుకెళ్ళారు. ఆయన తల వంచుకుని కూర్చున్నాడు. ఒక్క మాట, ఒకే ఒక్క మాట అనొచ్చు నన్ను. అనలేదు. అనకపోవడం చూసి తప్పు ఒప్పుకున్నాడనుకున్నాను నేను. తర్వాత రెండు నెలలు, వినేవాళ్ళు దొరికితే చాలు, అదే చెప్పాను.

మే నెలలో నేల మెత్తబడ్డాక అక్కని పిల్లవాడి పక్కనే పూడ్చారు. ఆ మర్నాడు పొద్దున బావ ట్రక్కు మా వాకిట్లో ఆగింది. దిగి, టోపీ తీసి నిలబడ్డాడు.

"గోడ విప్పాను" అన్నాడు.

నేను గుమ్మంలోనే నిలబడ్డాను.

"కర్ర మీద ఇల్మారి అని రాసి ఉంది. వాడి పేరా?"

"అవును."

"నీకు తెలుసా?"

"తెలుసు."

తల ఊపాడు. ట్రక్కు వెనక తలుపు దించి ఒక్కో మూటా తీసి మా వరండాలో పెట్టడం మొదలుపెట్టాడు. గులాబీ రంగు గాజుదూది. చింపకుండా, నలపకుండా, కర్రల మధ్య ఉన్న కొలతకి మడతపెట్టి, తాడు కట్టి తెచ్చాడు. పదకొండు మూటలు. అరువు తెచ్చుకున్న రంపాన్ని తిరిగి ఇచ్చేసే మనిషిలాగే ఉన్నాడు, మొహంలో కోపం లేదు.

"నువ్వు తెచ్చిందే కదా" అన్నాడు.

ట్రక్కెక్కబోతూ ఆగాడు. "రోజూ ఆ గంటసేపూ ఏడ్చేదా?"

"అవును."

"పడుకుందనుకున్నాను" అని ఎక్కి వెళ్ళిపోయాడు.

వాన వచ్చేలా ఉంది. ఆ మూటలు ఒక్కొక్కటే ఎత్తుకుని కొట్టులోకి చేర్చాను. ఆ సాయంత్రం నా చేతులు మోచేతుల దాకా దురదపెట్టాయి. కడుక్కోలేదు.