కింద అడిగిన బంతి

కార్నీలియస్ టూహీ ఎడమ భుజం సంగతి అతని భార్య హనోరాకు తప్ప ట్రాయ్ ఊళ్ళో ఎవరికీ తెలియదు. పదహారో ఏట, పొయ్యిలు పోతపోసే కార్ఖానాలో కరిగిన ఇనుము మోస్తూ పడ్డాడు. ఆ తరువాత ఆ చెయ్యి రొమ్ము దాటి పైకి లేవలేదు. అలాంటివాడు పదేళ్ళపాటు జీతానికి బేస్‌బాల్ ఎలా ఆడాడంటే, ఆ రోజుల్లో బ్యాటు పట్టినవాడికి ఒక హక్కు ఉండేది. బంతి పైన కావాలో కింద కావాలో ముందే అంపైరుతో చెప్పవచ్చు, విసిరేవాడు అక్కడికే వెయ్యాలి. టూహీ ప్రతిసారీ "కింద" అనేవాడు. మోకాలి దగ్గరికి వచ్చిన బంతిని చితక్కొట్టేవాడు.

1886 చివర్లో, వచ్చే ఏటి ఆటల నుంచి ఆ హక్కు తీసేశారు. ఎక్కడో హోటల్లో కూర్చున్న పెద్దమనుషులు ఆటను బాగు చేస్తున్నామనుకున్నారు. టూహీ కడుపు మీద కొడుతున్నామని వాళ్ళకేం తెలుసు? ఏదో దయ చూపినట్టు, మూడు బంతులు తప్పితే అవుటయ్యేదాన్ని నాలుగుకు పెంచారు.

జట్టులో చోటు పోతే మళ్ళీ కార్ఖానాయే. అక్కడి ఇసుక దుమ్ము అతని తండ్రినీ అన్ననూ దగ్గించి దగ్గించి చంపింది. అందుకే చలికాలమంతా, హనోరా లాండ్రీలో చొక్కాల విడి కాలర్లు ఉతికే పని నుంచి రాగానే, పెరట్లో మంచు తోసి ఆమె చేత పైకి బంతులు వేయించుకున్నాడు. ఎడమ చెయ్యి వదిలేసి కుడిచేత్తోనే బ్యాటు ఊపడం నేర్చాడు. మార్చి నాటికి పదింట మూడు తగిలేవి. ఆ మూడింటినే తలుచుకుని నిద్రపోయేవాడు.

మొదటి ఆట యుటికా జట్టుతో. ఆఖరి వంతులో ఒక్క పరుగు వెనకబడి ఉండగా టూహీ బ్యాటు పట్టుకుని వెళ్ళాడు. అలవాటుగా అంపైరు వైపు తిరిగి, "కింద," అన్నాడు.

మైదానం పగలబడి నవ్వింది. పళ్ళెంలో పెట్టి తెమ్మంటావా దొరా అని ఎవడో అరిచాడు. అంపైరు మాత్రం నవ్వలేదు.

"అడగడాలు పోయాయయ్యా టూహీ. వచ్చినదాన్ని కొట్టుకో."

బంతి విసిరే యుటికా పిచరూ నవ్వలేదు. ఇతను పైబంతి ఎన్నడూ ఎందుకు అడగలేదో అప్పుడు ఆలోచించాడు. వరసగా మూడు బంతులు భుజమెత్తున వేశాడు. మూడూ తప్పాయి. సొంత జట్టు మేనేజరు లాత్రప్ బెంచీ మీద నుంచి టూహీ ఎడమ భుజాన్నే చూస్తున్నాడు. గుట్టు రట్టయిపోయింది.

నాలుగోది మోకాలి దగ్గరికి వచ్చింది. జాలిపడి వేశాడో, చెయ్యి జారిందో. పదేళ్ళుగా టూహీ అడిగి తీసుకున్న బంతి అదే. కానీ అప్పటికే ఎడమ చెయ్యి వదిలేసి, కుడిచేత్తో పైకి ఊపేశాడు. బ్యాటుకు మూరెడు కిందుగా బంతి వెళ్ళిపోయింది.

సోమవారం నుంచి రావద్దని లాత్రప్ చెప్పాడు. కోపంగా కూడా చెప్పలేదు.

ఇంట్లో హనోరా బంగాళాదుంపలు వడ్డిస్తూ ఒక్కటే అడిగింది.

"చివరిది ఎక్కడ వేశాడు?"

"పైనే."

"నాలుగూ పైనేనా?"

"నాలుగూ."

"అయితే నీ తప్పేం లేదు కార్నీలియస్. ఆ చేత్తో ఎవడు మాత్రం కొడతాడు? ఆ రూలు మార్చినవాళ్ళు బాగుపడరు."

ఆమె నమ్మింది. టూహీ మళ్ళీ కార్ఖానాలో చేరి, పద్నాలుగేళ్ళ తరువాత తండ్రిలాగే దగ్గి దగ్గి పోయేదాకా ఆమె ఆ పెద్దమనుషులను తిడుతూనే ఉంది. తిట్టినప్పుడల్లా అతను గోడవైపు తిరిగి పడుకునేవాడు.